పాత డీజిల్ పికప్‌లో స్లో సరిచేయడం ఎలా

తెల్లవారుజామున బెంగళూరు కళాసిపాళ్యం మార్కెట్‌లో కూరగాయలు దించి వెళ్ళే పాత పికప్‌లను కాసేపు నిలబడి గమనిస్తే, వాటిలో చాలావాటికి రెండు జబ్బుల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. కొన్నింటిలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజన్ వణికి ఆగిపోతుంది. మరికొన్నింటిలో, అలా ఆగకుండా ఉండటానికి ఎవరో స్క్రూ బిగించి వదిలేయడం వల్ల, నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజన్ గట్టిగా అరుస్తూ, మొదటి గేరు వేయబోతే కరకరమని పళ్ళు కొరుకుతుంది. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే ఈ కనీస వేగాన్ని మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చే మన డ్రైవర్లు ‘స్లో’ అంటారు. బండితో వచ్చే పుస్తకంలో అది ‘ఐడిల్ స్పీడ్’ అని ఉంటుంది. స్లో స్క్రూ తిప్పడం పది నిమిషాల పని. అయితే ఆ స్క్రూను ముట్టుకునే ముందు చూసుకోవలసినవి గంట సేపు పడతాయి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కూడా వాటికే పోతుంది.

ముందుగా మీ బండి ఈ పనికి తగినదో కాదో తేల్చుకోండి. బానెట్ ఎత్తి డీజిల్ పంపును చూడండి. యాక్సిలరేటర్ పెడల్ నుంచి వచ్చే కేబుల్ పంపు మీద ఉన్న ఒక లివర్‌ను లాగుతున్నట్లయితే అది మెకానికల్ పంపు, దానికి స్లో స్క్రూ ఉంటుంది. కేబుల్ లేకుండా వైర్లు మాత్రమే ఉండి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళన్నిటికీ ఒకే లావుపాటి ఉక్కు గొట్టం నుంచి డీజిల్ వెళుతున్నట్లయితే అది కామన్ రైల్ ఇంజన్; దానిలో స్లోను కంప్యూటర్ నిర్ణయిస్తుంది, తిప్పడానికి స్క్రూ ఉండదు. కామన్ రైల్ బండిలో పైపుల నట్లు వదులు చేయడం ప్రాణాంతకం, కాబట్టి అటువంటి బండి ఉన్నవారు ఈ పద్ధతిని అనుసరించవద్దు. దేశమంతటా బీఎస్-4 అనే వాహన కాలుష్య ప్రమాణం తప్పనిసరైన 2017 ఏప్రిల్‌కు ముందు అమ్ముడైన పికప్‌లలో మెకానికల్ పంపులు విరివిగా కనిపిస్తాయి, కానీ సంవత్సరాన్ని నమ్ముకోకుండా కళ్ళతో చూసి నిర్ధారించుకోవడమే మంచిది.

స్క్రూ ఏమి చేస్తుందో తెలిస్తే సగం పొరపాట్లు జరగవు. పెట్రోలు కార్బ్యురేటర్ బండిలో మాదిరిగా ఇక్కడ స్లో స్క్రూ గాలి దారిని తెరవదు. పంపు లోపల గవర్నర్ అనే ఏర్పాటు ఉంటుంది. ఇంజన్‌తోపాటు తిరిగే చిన్న బరువులు వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుని డీజిల్‌ను తగ్గించాలని చూస్తాయి, ఒక స్ప్రింగు వాటిని ఎదిరించి డీజిల్‌ను పెంచాలని చూస్తుంది, ఈ రెండూ సరితూగిన చోట ఇంజన్ వేగం నిలుస్తుంది. లివర్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు ఎక్కడ ఆగాలో నిర్ణయించడం ద్వారా స్లో స్క్రూ ఆ స్ప్రింగు బిగువును నిర్ణయిస్తుంది. అంటే మీరు స్క్రూతో డీజిల్ కొలవడం లేదు, ఇంత వేగం కావాలని గవర్నర్‌కు చెబుతున్నారు. ఒక సిలిండర్ నీరసించినా, పంపులోకి గాలి చేరినా, గవర్నర్ తన శక్తి కొద్దీ డీజిల్ పెంచి వేగాన్ని నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది, అది చేతకానప్పుడే స్లో పడిపోతుంది. అందువల్ల ఉన్నట్టుండి పడిపోయిన స్లోకు స్క్రూ దాదాపు ఎన్నడూ కారణం కాదు. బిగించి ఉన్న స్క్రూ తనంతట తాను తిరగదు కదా.

ఈ సంగతి నాకు డబ్బు పోగొట్టుకున్నాక అర్థమైంది. నా పికప్‌ది రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్. ఒక సాయంత్రం సిల్క్ బోర్డు జంక్షన్‌లో అది మూడుసార్లు ఆగిపోతే, వెనకవాళ్ళ హారన్లు భరించలేక మరునాడే దగ్గర్లోని ఒక షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి మెకానిక్ ఏమీ చూడకుండా స్లో స్క్రూను ఒకటిన్నర చుట్టు బిగించి పంపేశాడు. పది రోజులు బాగానే ఉంది, ఆ తరువాత ఇంజన్ ఊయల ఊగినట్లు పైకీ కిందికీ వేగం మార్చుకోవడం మొదలుపెట్టింది. చివరికి జేసీ రోడ్డు పక్క సందులో పంపులు మాత్రమే బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయనది హిందూపురం. బానెట్ ఎత్తగానే, “స్క్రూ ముట్టద్దు నాయనా, ముందు గాలి యాడ తాగుతాండాదో చూడు,” అన్నాడు. డీజిల్ ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం తీసి, దాని స్థానంలో జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాడు. గొట్టంలో సగ్గుబియ్యం గింజల్లాంటి బుడగలు వరుసగా పోతూ కనిపించాయి. ఫిల్టరు మీది బాంజో బోల్టు (గొట్టాన్ని పట్టి ఉంచే, లోపలి నుంచి డీజిల్ పోయే బోలు బోల్టు) కింద ఉన్న రాగి వాషరు ఒకవైపు అరిగిపోయింది. వాషరు మార్చి గాలి తీసేయగానే ఇంజన్ స్లో నిమిషానికి 1,100 చుట్లకు ఎగిరింది. స్క్రూను సరిగ్గా ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాక గానీ మునుపటి స్థితికి రాలేదు.

కాబట్టి స్క్రూ తిప్పే ముందు చూడవలసిన వాటిలో గాలి లీకు మొదటిది. స్టార్టింగ్ కష్టంగా ఉండటం, వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉండటం, రాత్రంతా నిలిపిన బండిని పొద్దున చేతి పంపు (డీజిల్‌ను చేత్తో పంపు దాకా తెచ్చేది) కొట్టకుండా స్టార్ట్ చేయలేకపోవడం దీని గుర్తులు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది డీజిల్‌ను లాగుకునే దారి కనుక ఇక్కడ లీకు ఉన్నా డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. పైన చెప్పిన ప్లాస్టిక్ గొట్టం దానిని పట్టిస్తుంది. చీలిన రబ్బరు గొట్టాలు, వదులైన క్లిప్పులు, చేతి పంపు అడుగు, పాత వాషర్లు వరుసగా చూడండి. పని అయ్యాక ప్లాస్టిక్ గొట్టం తీసేసి డీజిల్‌కు పనికివచ్చే రబ్బరు గొట్టమే వేయండి, ఎందుకంటే ఇంజన్ వేడికి ఆ ప్లాస్టిక్ కొద్ది రోజుల్లో గట్టిపడి పగులుతుంది.

డీజిల్ ఫిల్టరు కింద నీళ్ళు వదిలే స్క్రూ ఉంటే, దానిని వదులు చేసి గాజు సీసాలోకి కొంత పట్టి చూడండి. నీళ్ళు అడుగుకు చేరి గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఫిల్టరు మార్చి ఏడాది దాటితే ఆలోచించకుండా మార్చేయండి. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండి ఉంటే దానినీ మార్చండి.

తరువాతది యాక్సిలరేటర్ కేబుల్. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు కేబుల్‌లో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. కేబుల్ బిగుతుగా ఉంటే లివర్ స్లో స్క్రూ మీదకు ఎన్నటికీ రాదు, అప్పుడు మీరు స్క్రూను ఎంత వెనక్కి తిప్పినా స్లో తగ్గదు. పెడల్ కింద ముడుచుకున్న మ్యాటు, తుప్పు పట్టిన కేబుల్ తొడుగు, సాగిపోయిన రిటర్న్ స్ప్రింగు కూడా ఇదే పని చేస్తాయి. లివర్‌ను చేత్తో వెనక్కి నొక్కి చూడండి, వేగం తగ్గితే తప్పు కేబుల్‌దే.

ఇంజన్ ఒకవైపు కుంటుతున్నట్లు, ఒకే లయలో దెబ్బ తప్పుతున్నట్లు ఉంటే ఒక సిలిండర్ పనిచేయడం లేదని అనుమానించాలి. దీనిని కనిపెట్టడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. ఇంజన్ స్లోలో ఉండగా, పానాతో ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును అర చుట్టు వదులు చేసి వెంటనే బిగించాలి. బాగా పనిచేస్తున్న సిలిండర్ నట్టు వదులు చేస్తే ఇంజన్ తడబడుతుంది, పనిచేయని దానిది వదులు చేస్తే ఏ మార్పూ రాదు. ఇది మెకానికల్ పంపు బండ్లకే, అదీ కళ్ళద్దాలు పెట్టుకుని, నట్టు చుట్టూ మందపాటి గుడ్డ కప్పి మాత్రమే చేయాలి. నాజిల్ నుంచి గానీ చీలిన పైపు నుంచి గానీ వచ్చే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు; చూడటానికి సూది గుచ్చినంతే కనిపించినా వేలు తీసేయవలసిన పరిస్థితి రావచ్చు. లీకును ఎప్పుడూ చేత్తో తడిమి వెతకవద్దు, అట్టముక్కను అడ్డుపెట్టి చూడండి. ఈ పరీక్ష మీద మీకు ధైర్యం లేకపోతే దానిని పంపు మెకానిక్‌కే వదిలేయడంలో చిన్నతనం ఏమీ లేదు. సిలిండర్ చచ్చిన ఇంజన్‌కు స్లో పెంచడం మాత్రం కుంటి ఎద్దును ముల్లుగర్రతో పొడవడమే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలిన తరువాత, ఇంజన్‌ను బాగా వేడెక్కించండి. నిలబెట్టిన చోటే స్లోలో ఉంచితే డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, అందుకని కనీసం 10 కిలోమీటర్లు నడపండి. సిల్క్ బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా సుమారుగా అంత దూరమే. డిసెంబరులో బెంగళూరు పొద్దుటి చలికి చల్లటి ఇంజన్ మీద స్లో సరిచేస్తే మధ్యాహ్నానికి అది 100, 150 దాకా మారిపోవచ్చు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడికి వచ్చిన బండికి స్లో మార్చాలని కొందరు చెబుతారు, దానిని నమ్మకండి. స్లోలో డీజిల్ ఇంజన్‌కు కావలసిన దానికంటే ఎన్నో రెట్లు గాలి మిగిలే ఉంటుంది, పలుచటి గాలి ప్రభావం లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పొగగా కనిపిస్తుందే గానీ స్లో మీద కాదు.

బండిని చదునైన చోట, ఆరుబయట నిలపండి. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయరు ఆపేయండి. డ్యాష్‌బోర్డు కింద చేతితో లాగే థ్రాటిల్ నాబు ఉంటే అది పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో చూడండి. లుంగీ, వదులు చొక్కా, మెడలో తువ్వాలు తీసేసి రండి, ఫ్యాను బెల్టు ఎవరినీ మన్నించదు. ఇంజన్ అదుపు తప్పితే ఎలా ఆపాలో కూడా ముందే తెలుసుకోండి: తాళంతో ఆగకపోతే, లోపల కూర్చున్న మనిషి బ్రేకు గట్టిగా తొక్కి, నాలుగో గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపాలి. గాలి దారికి అడ్డం పెట్టడానికి ఒక చెక్కపలక పక్కన ఉంచుకోండి, అరచేతిని మాత్రం అడ్డం పెట్టవద్దు.

ఇప్పుడు వేగం కొలవాలి. చెవితో సరిచేసే మెకానిక్కులు ఉన్నారు, వారిలో కొందరి చెవి నిజంగా మంచిది, కానీ మీ చెవిని మీరు నమ్ముకోకండి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గులు లేవు కనుక ప్లగ్గు వైరుకు తగిలించే మీటరు పనికిరాదు. ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరికే లేజర్ ట్యాకోమీటర్ చాలు. ఇంజన్ ఆపి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ముందు బెల్టును తిప్పే చక్రం) మీద నూనె తుడిచి, దానితో వచ్చే మెరిసే స్టిక్కరును వేలిగోరంత ముక్క అంటించి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి వెలుగు పడేలా పట్టుకుంటే నిమిషానికి ఎన్ని చుట్లో కనిపిస్తుంది. అది లేకపోతే కంపనాన్ని కొలిచే యాప్ ఉన్న ఫోనును సీటు పక్కన గట్టి లోహభాగం మీద పెట్టి చూడవచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండు సిలిండర్లు మండుతాయి, కనుక ఫోను చూపించే హెర్ట్జ్ సంఖ్యను 30తో గుణిస్తే వేగం వస్తుంది. 25 అంటే 750, 27 అంటే 810. సిలిండర్ ఏదైనా నీరసంగా ఉంటే ఈ లెక్క తప్పుదోవ పట్టిస్తుంది, దానిని ముందే సరిచేయాలని చెప్పడానికి అదొక కారణం.

ఎంత వేగం ఉండాలన్నది మీ బండి పుస్తకంలోనో బానెట్ లోపలి స్టిక్కరు మీదనో ఉంటుంది, దానినే పాటించండి. ఈ తరహా నాలుగు సిలిండర్ల పికప్ ఇంజన్లకు అది సాధారణంగా 750 నుంచి 850 మధ్య ఉంటుంది.

తిప్పవలసిన స్క్రూను గుర్తించడం ఈ పనిలో అన్నిటికంటే జాగ్రత్త కోరే అడుగు. పంపు మీద లివర్ అటూ ఇటూ కదిలి ఆగే చోట్ల రెండు స్క్రూలు ఎదురెదురుగా ఉంటాయి, చూపులకు అవి కవల పిల్లల్లా ఉంటాయి. ఇంజన్ ఆపి, ఒకరిని లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కమనండి. పెడల్ తొక్కగానే లివర్ ఏ స్క్రూ నుంచి విడిపోతుందో అది స్లో స్క్రూ. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు లివర్ ఏ స్క్రూను తాకుతుందో అది గరిష్ఠ వేగం స్క్రూ. గరిష్ఠ వేగం స్క్రూకు సీసపు సీలు, తీగ, లేదా రంగు చుక్క ఉంటుంది, దానిని ముట్టుకోవద్దు. పంపు వెనక భాగంలో నట్టుతో బిగించిన మరో స్క్రూ కనిపిస్తే అది పూర్తి లోడులో డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించేది. అది కొంచెం తిరిగినా నల్లటి పొగ, పిస్టన్ల మీద అతివేడి, కొన్నిసార్లు ఇంజన్ కిందికి రాకుండా పరుగెత్తడం వంటివి జరుగుతాయి. ఇక మరీ పాత కొన్ని ఇంజన్లలో గాలి దారిలో చిన్న తలుపు, అక్కడి నుంచి పంపు వెనకకు వెళ్ళే వ్యాక్యూమ్ గొట్టం ఉంటాయి. వాటిలో స్లో స్క్రూ ఆ తలుపు దగ్గర ఉంటుంది. ఆ గొట్టం చీలినా, పంపు వెనక ఉన్న పొర చినిగినా ఇంజన్ వేగం అదుపు తప్పుతుంది, కాబట్టి గొట్టాన్ని ముందుగా పరీక్షించండి.

స్క్రూ దొరికాక దాని తల మీద, పక్కనున్న లోహం మీద కలిసేలా తెల్ల రంగుతో ఒక గీత గీయండి. తిరిగి మొదటికి రావలసి వస్తే ఈ గీతే దారి చూపుతుంది. స్క్రూ కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్టును పానాతో పట్టి వదులు చేయండి, బాష్ తరహా పంపుల్లో దానికి సాధారణంగా 10 నంబరు పానా సరిపోతుంది. బెంగళూరు ఆడుగోడిలో ఆ పంపులను ఏళ్ళ తరబడి తయారుచేసిన మైకో కంపెనీ పేరు 2008లో బాష్ అయినా, జేసీ రోడ్డులో పెద్దలు ఇప్పటికీ ‘మైకో పంపు’ అనే అంటారు, వాషరు అడిగేటప్పుడు మీరూ అలాగే అడిగితే వెంటనే అర్థమవుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేసి, స్క్రూను పావు చుట్టు మాత్రమే తిప్పి, లివర్‌ను ఒకసారి కదిపి వదిలి, వేగం కుదుటపడే దాకా పది సెకన్లు ఆగి కొలవండి. స్క్రూను లోపలికి బిగిస్తే వేగం పెరుగుతుంది, బయటికి తీస్తే తగ్గుతుంది. మళ్ళీ పావు చుట్టు, మళ్ళీ కొలత. కావలసిన వేగం రావడానికి ఒక పూర్తి చుట్టు కంటే ఎక్కువ పడితే అక్కడే ఆగండి. స్క్రూను గీత దాకా తిప్పి, పైన చెప్పిన కారణాలను మరోసారి వెతకండి. స్క్రూ తిప్పుతున్నా వేగం ఏ మాత్రం కదలకపోతే లివర్‌ను వేరేదేదో పట్టి ఉంచింది, ఏసీ కోసం పెట్టిన చిన్న వ్యాక్యూమ్ డబ్బా గానీ, చలిలో స్లో పెంచే పరికరం గానీ లివర్‌ను నెడుతోందేమో చూడండి.

వేగం కుదిరాక స్క్రూను స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించండి. నట్టు బిగిసేటప్పుడు స్క్రూను తనతో లాక్కుపోవడం సహజం. నాకు ప్రతిసారీ ఇంజన్ వేగంలో నిమిషానికి 20, 30 చుట్ల తేడా వస్తుంది, అందుకని బిగించాక తప్పకుండా మళ్ళీ కొలుస్తాను.

ఇప్పుడు పరీక్షలు. యాక్సిలరేటర్‌ను సగం దాకా తొక్కి ఒక్కసారిగా వదలండి. వేగం రెండు మూడు సెకన్లలో స్లోకు దిగి, ఆగిపోకుండా నిలబడాలి. తరువాత హెడ్‌లైట్లు, బ్లోయరు వేయండి, బండికి పవర్ స్టీరింగ్ ఉంటే చక్రాలను ఒక పక్కకు పూర్తిగా తిప్పండి. కొద్దిగా వంగి మళ్ళీ లేచే ఇంజన్ బాగున్నట్లే. ఏసీ ఉన్న బండిలో ఏసీ వేయగానే ఆ వ్యాక్యూమ్ డబ్బా లివర్‌ను నెట్టి వేగాన్ని కాస్త పెంచాలి. దాని సర్దుబాటును స్లో కుదిరిన తరువాతనే చేయాలి, ముందు చేస్తే రెండూ చెడతాయి. చివరగా బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు వరుసగా తొక్కి చూడండి. చాలా డీజిల్ పికప్‌లలో బ్రేకుకు కావలసిన వ్యాక్యూమ్‌ను ఆల్టర్నేటర్ వెనక ఉన్న చిన్న పంపు ఇస్తుంది, స్లో మరీ తక్కువగా ఉంటే అది వెనకబడి పెడల్ బండబారుతుంది. డీజిల్ మిగులుతుందని స్లోను 600కు దించి నడిపేవారు ఈ ఒక్క పరీక్ష చేసి చూస్తే వెంటనే మనసు మార్చుకుంటారు. ఆ వేగంలో ఆయిల్ ప్రెషర్ దీపం మిణుకుమనడం, గేరుబాక్సు గలగలలాడటం కూడా మామూలే.

ఎమిషన్ పరీక్షకు ముందు స్లో తగ్గిస్తే పొగ తక్కువ చూపిస్తుందని బంకుల దగ్గర సలహాలు ఇచ్చేవారు ఉంటారు. డీజిల్ బండికి పొగను కొలిచేది యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కినప్పుడు, స్లోలో కాదు. పొగ ఎక్కువ వస్తుంటే నాజిళ్ళు, ఎయిర్ ఫిల్టరు చూసుకోవాలి.

అన్నీ కుదిరాక లాక్ నట్టు మీద, స్క్రూ మీద కలిసేలా కొత్త రంగుతో చుక్క పెట్టండి. నేను ఇంట్లో ఉన్న ఎర్ర గోళ్ళ రంగు వాడతాను, అది వేడికి ఊడదు. బండి పుస్తకం చివరి పేజీలో తేదీ, ఓడోమీటరు అంకె, వేడి ఇంజన్ స్లో ఎంత, స్క్రూ ఎన్ని పావులు తిరిగిందీ రాసుకోండి. వారం తరువాత ఒకసారి బానెట్ ఎత్తి చుక్క చూడండి. చుక్క పగలకుండా ఉండి స్లో మళ్ళీ పడిపోయి ఉంటే, పానా పక్కన పెట్టి ప్లాస్టిక్ గొట్టం ముక్క తీసుకోండి.